ఫోటో ఎవరి చేతికీ ఇవ్వకుండా బ్రౌజర్లోనే సైజు తగ్గించుకోవడం ఎలా

దరఖాస్తుల ఆఖరి తేదీ దగ్గరపడితే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్లో చూసినా ఒకటే గోల. పేరు, చిరునామా, మార్కులు కొట్టడం అయిపోతుంది. ఫోటో, సంతకం దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది. ఫారం ఏమో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలంటుంది, ఫోన్లో తీసిన ఫోటో చూస్తే 4 ఎంబీ. టెన్షన్‌లో చాలామంది చేసే పని, గూగుల్లో "ఫోటో 50 కేబీ" అని కొట్టి, ముందు కనపడ్డ సైటులో ఫోటో పడేయడం.

ఆ సైట్లలో చాలావాటికి మీ ఫోటో ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్లాలి. అక్కడ తగ్గాకే తిరిగి మీకొస్తుంది. "గంటలో డిలీట్ చేసేస్తాం" అని కింద రాసి ఉంటుంది గానీ, చేశారో లేదో చూసుకునే దారి మనకు లేదు. ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటోకే అయితే ఇంత చెప్పక్కర్లేదు. అదే సైటులో ఆధార్ కార్డు, టెన్త్ మెమో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, గల్ఫ్ వెళ్లబోయే కుర్రాడి పాస్‌పోర్టు కూడా వేసేస్తున్నారు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్ల ఇళ్లల్లో క్రియాటినిన్ రిపోర్టు ఫోటో తీసి విశాఖలో డాక్టరుకి పంపుతుంటారు. ఒకరి జబ్బు సంగతి ముక్కూమొహం తెలియని సైటుకి ఎందుకు తెలియాలి? పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఆధార్ నంబరు, సంతకం, ఈ నాలుగూ ఒకే చోట దొరికితే వాటితో మోసగాళ్లు ఏం చేస్తారో రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

నిజానికి ఫోటో అంత దూరం పోయి రానక్కర్లేదు. సైజు తగ్గించడం చాలా చిన్న పని. మామూలు ఫోను కూడా తనంతట తాను కొన్ని సెకన్లలో చేసేస్తుంది. అందుకు కావాల్సిన ప్రోగ్రాం పేజీతో పాటే మీ బ్రౌజర్లోకి దిగుతుంది, ఫోటో మాత్రం ఫోన్లోంచి కదలదు. ఇలాంటివాటిలో నేను అందరికీ చెప్పేది స్క్వూష్. గూగుల్ క్రోమ్ బృందం 2018లో తెచ్చింది. డబ్బులు అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, దాని కోడ్ ఎవరైనా చదువుకునేలా బయటే పెట్టారు. ఫోటో సర్వర్‌కి వెళ్లదని వాళ్లు స్పష్టంగా రాశారు. ఎంతమంది వచ్చారు, ఫోటో తగ్గకముందు ఎన్ని కేబీ, తగ్గాక ఎన్ని కేబీ అన్న లెక్కలు మాత్రం గూగుల్ అనలిటిక్స్‌కి వెళ్తాయని కూడా వాళ్లే చెప్పారు. ఆ మాత్రం దాపరికం లేకుండా చెప్పినందుకే దాని మీద నాకు నమ్మకం.

అడ్రస్ స్క్వూష్ డాట్ యాప్. స్పెల్లింగ్ ఎస్, క్యూ, యూ, ఓ, ఓ, ఎస్, హెచ్. గూగుల్లో వెతక్కండి, పై గడిలో నేరుగా కొట్టండి. వెతికితే అలాంటి పేర్లతోనే వేరే సైట్లు కూడా కనపడతాయి.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే తేల్చుకోండి

ఏ సైటైనా సరే, "మీ ఫోటో మీ దగ్గరే ఉంటుంది" అని రాసుకున్నంత మాత్రాన నమ్మేయకూడదు. పరీక్ష తేలికే.

డేటా ఆన్‌లో ఉండగా పేజీ తెరవండి. ముందుగా పెరట్లో మందార పువ్వు ఫోటోనో, గోడ ఫోటోనో, పోయినా బాధలేనిది ఒకటి అందులో వేసి తగ్గించి చూడండి. ఇలా చేయడానికి కారణం ఉంది. పేజీ తెరవగానే అన్ని ముక్కలూ దిగవు, ఫోటో తగ్గించే భాగం పని పడినప్పుడే దిగుతుంది. ఒక్కసారి వాడితే కావాల్సినవన్నీ ఫోన్లోకి వచ్చేస్తాయి. ఇప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి, కొన్ని ఫోన్లలో అది విడిగా ఆన్‌లోనే ఉండిపోతుంది. ఆ పేజీలోనే మీ అసలు ఫోటో వేయండి. నెట్ లేకుండానే సైజు తగ్గి, డౌన్‌లోడ్ కూడా అయిందంటే ఆ పని మీ ఫోన్లోనే జరిగినట్టు. తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయినా, ఎర్రర్ చూపించినా ఆ సైటుకి సర్వర్ కావాలన్నమాట. దాన్ని మూసేయండి.

ఇంకొక్క జాగ్రత్త. నెట్ లేనప్పుడు పనిచేసి, నెట్ రాగానే గుట్టుగా ఫోటో పంపేలా పేజీని రాయడం అసాధ్యమేం కాదు. కాబట్టి ఆధార్ లాంటివి తగ్గించినప్పుడు ఫైలు డౌన్‌లోడ్ అయ్యాక ముందు ఆ ట్యాబ్ మూసి, తర్వాతే డేటా ఆన్ చేయండి. కొత్త సైట్లతో ఈ వరస తప్పకుండా పాటించండి.

కంప్యూటర్ మీద అయితే ఇంకా బాగా కనపడుతుంది. క్రోమ్‌లో ఎఫ్ 12 నొక్కితే పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అన్న ట్యాబ్‌కి వెళ్లి, ఉన్నవన్నీ క్లియర్ చేసి, అప్పుడు ఫోటో వేయండి. బయటికి పోయే ప్రతిదీ అక్కడ ఒక వరసగా పడుతుంది. 4 ఎంబీ ఫోటో వేశాక పోస్ట్ అన్న రకంలో పెద్ద రిక్వెస్ట్ కనపడిందా, మీ ఫోటో వెళ్లిపోయినట్టే. స్క్వూష్‌లో అలాంటిది కనపడదు.

ఫోటో తీసేటప్పుడే సగం పని

సైజు తగ్గించే ముందు ఫోటో సంగతి చూడాలి. లైటు చాలని గదిలో తీస్తే బొమ్మ అంతా సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. ఆ చుక్కలన్నిటినీ గుర్తుపెట్టుకోవడానికే ఫైలు పెరిగిపోతుంది, తగ్గిస్తే ముఖం మసకబారుతుంది. పగటిపూట, వరండాలో, ఎండ నేరుగా పడని చోట, తెల్లగోడ ముందు నిలబడండి. గోడకి రెండడుగుల దూరం ఉంటే వెనక నీడ పడదు. నునుపైన తెల్ల నేపథ్యం చాలా తక్కువ కేబీల్లో ఇమిడిపోతుంది, మిగిలిన చోటంతా ముఖానికి దక్కుతుంది.

ఐఫోన్ వాళ్లకి ఒక మాట. ఆ ఫోను 2017 నుంచి హెచ్ఈఐసీ అనే రకంలో ఫోటోలు దాస్తోంది. ఫారాలు చాలావరకు దాన్ని తీసుకోవు, స్క్వూష్ కూడా అన్ని బ్రౌజర్లలో తెరవలేదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టుకుని తీస్తే జేపీజీ వస్తుంది.

తీశాక ఫోన్ గ్యాలరీలోనే కత్తిరించండి. తల పైన కాస్త ఖాళీ, కింద భుజాలు, అంతే. స్క్వూష్‌లో కావాల్సిన చోట కత్తిరించుకునే పనిముట్టు లేదు.

ఇక అసలు పని

కేబీలు తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి బొమ్మ కొలతలు తగ్గించడం. రెండోది కొలతలు అలాగే ఉంచి క్వాలిటీ తగ్గించడం. చాలామంది రెండోదాని మీదే పడి ముఖాన్ని పాడుచేస్తారు. ముందు మొదటిదే చేయాలి. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 4000 బై 3000 చుక్కలు, వాటినే పిక్సెల్స్ అంటారు. దాన్ని 1600 బై 1200 చేస్తే, చుక్కలు 1 కోటి 20 లక్షల నుంచి 19 లక్షల 20 వేలకి దిగిపోతాయి. అంటే క్వాలిటీ జోలికి పోకుండానే వందకి పదహారు వంతులు మిగిలాయి.

బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఫారం తీసుకుందాం. ఫోటో 200 బై 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 బై 60, 10 నుంచి 20 కేబీ. మీరు కడుతున్న నోటిఫికేషన్లో ఏముందో దాన్నే చూసుకోండి, ఒక్కో పరీక్షకి ఒక్కో లెక్క.

స్క్వూష్‌లో ఫోటో వేయగానే తెర మధ్యలో ఒక గీత వస్తుంది. దానికి ఒక పక్క అసలు ఫోటో, రెండో పక్క తగ్గిన ఫోటో. ఆ గీతను వేలితో అటూ ఇటూ జరిపితే తేడా ఎదురెదురుగా కనపడుతుంది. ఫోన్లో సెట్టింగులు తెర కింది వైపు, కంప్యూటర్లో పక్కన ఉంటాయి. రీసైజ్ అన్నది ఆన్ చేయండి. మెయింటెయిన్ యాస్పెక్ట్ రేషియో దగ్గర టిక్ తీసేసి విడ్త్ 200, హైట్ 230 కొట్టండి. టిక్ తీయగానే ఫిట్ మెథడ్ అని ఒకటి కనపడుతుంది. అక్కడ స్ట్రెచ్ ఉంటే ముఖం సాగిపోయి మనిషి వేరేలా అయిపోతాడు. కంటైన్ పెట్టండి. ఎక్కువైన అంచును రెండు వైపులా సమానంగా కత్తిరించి సరిపెడుతుంది, ముఖం ముఖంలాగే ఉంటుంది. అందుకే గ్యాలరీలో కత్తిరించేటప్పుడు ముఖం సరిగ్గా మధ్యలో ఉంచాలి.

కింద కంప్రెస్ అన్న చోట మోజ్‌జేపెగ్ అని దానంతట అదే ఉంటుంది, జేపీజీ ఇచ్చేది అదే. మార్చకండి. వెబ్‌పీ, ఏవీఐఎఫ్ అనే వేరే రకాలు ఎంచుకుంటే సైజు ఇంకా తగ్గుతుంది గానీ మన ప్రభుత్వ ఫారాలు జేపీజీనే అడుగుతాయి. ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపీజీ అయిపోదు, సైటు లోపల చూసి తిప్పికొడుతుంది.

ఇక్కడే చాలామందికి అర్థంకాని చిక్కు ఒకటుంది. 200 బై 230 చేశాక క్వాలిటీ 75 దగ్గర వదిలేస్తే ఫైలు చాలాసార్లు 20 కేబీ కన్నా కిందికి పోతుంది. ఫారం మళ్లీ ఎర్రర్ చూపిస్తుంది. మనవాళ్లు ఇంకా తగ్గించాలేమో అనుకుని మరింత తగ్గిస్తారు, అది మళ్లీ తిప్పికొడుతుంది. ఎర్రర్‌లో ఏముందో నెమ్మదిగా చదవండి. తక్కువైందని చెబుతుంటే క్వాలిటీ బారును కుడివైపు జరపండి, 90 దాటించండి. జరుపుతున్నకొద్దీ కింద కేబీ అంకె మారుతూ ఉంటుంది. అంచు మీద ఆపకండి. 50 లోపు అంటే 45 దగ్గర, 20 పైన అంటే 24 దగ్గర ఆపండి. కేబీ అంటే 1000 బైట్లని కొందరు, 1024 అని కొందరు లెక్కేస్తారు, ఆ తేడాలో మీ ఫారం ఇరుక్కోకూడదు.

సంతకం సంగతి

ఇది ఇంకా మొండిది. 140 బై 60 అంటే మరీ చిన్న బొమ్మ. క్వాలిటీ 100కి తీసుకెళ్లినా ఒక్కోసారి 10 కేబీకి చేరదు. నోటిఫికేషన్లో ఆ కొలతల పక్కన ప్రిఫర్డ్ అని ఉందేమో చూడండి. ఉంటే, అదే నిష్పత్తిలో రెట్టింపు, 280 బై 120 పెట్టుకోవచ్చు. అప్పుడు కేబీలు తేలిగ్గా సరిపోతాయి. ప్రిఫర్డ్ అని లేకుండా కచ్చితంగా అంతే ఉండాలంటే మాత్రం అదే కొలతలో క్వాలిటీ పెంచుకుంటూ పోవాలి.

గీతల్లేని తెల్లకాగితం మీద నల్ల ఇంకు పెన్నుతో పెట్టండి. రూళ్ల కాగితం వద్దు, ఆ గీతలు సంతకంలో కలిసిపోతాయి. కిటికీ దగ్గర కాగితం పరిచి, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి, మీ చేతి నీడ కాగితం మీద పడకుండా చూసుకోండి. సంతకం చుట్టూ వేలెడు ఖాళీ కూడా ఉంచకుండా దగ్గరగా కత్తిరించండి. సంతకం కనపడకపోవడానికి సగం కారణం పేజీ అంతా ఉంచి చిన్నది చేయడమే.

సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు

కాగితాలకి లెక్క మారుతుంది. ముఖం కాస్త మెత్తబడితే ఎవరికీ తెలియదు, అక్షరం మెత్తబడితే కాగితమే పనికిరాదు. జేపీజీ బొమ్మను 8 బై 8 చుక్కల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో సన్నటి తేడాలను ముందు వదిలేస్తుంది. నల్ల అక్షరం తెల్ల కాగితాన్ని తాకే అంచు దగ్గరే ఆ తేడా ఎక్కువ, అందుకే అక్షరాల చుట్టూ మసి అంటినట్టు కనపడుతుంది. తెలుగులో ముందు దెబ్బతినేవి ఒత్తులు, గుడి, గుడిదీర్ఘం. కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు, పట్టాదారు పాస్‌పుస్తకంలో ఊరిపేరు, సర్వే నంబరు పక్కన సబ్ డివిజన్ అంకె, ఇవి పోతే మళ్లీ తిరగాల్సింది మీరే.

కాబట్టి కాగితాలకి క్వాలిటీ 70 కన్నా కిందికి దించకండి. కొలతలతోనే సరిపెట్టుకోండి. ఏ4 కాగితానికి 1240 బై 1754 చుక్కలు ఉంటే అంగుళానికి 150 పడతాయి, చదవడానికి సరిపోతుంది. ఇక్కడ యాస్పెక్ట్ రేషియో టిక్ ఉంచేసి విడ్త్ ఒక్కటే 1240 కొట్టండి, హైట్ దానంతట అదే వస్తుంది. అయినా ఎక్కువుంటే, రంగులు తగ్గించే రెడ్యూస్ ప్యాలెట్ జోలికి పోకుండా, విడ్త్ 1100 చేసి చూడండి. తగ్గాక తెర మీద పెద్దది చేసి, కాగితంలో అతి చిన్న అక్షరాలున్న చోటు వెతికి చదవండి. చిన్నది చదవగలిగితే మిగతావన్నీ చదవగలరు. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని వేరే ఫోనుతో స్కాన్ చేసి చూడటం ఇంకా మంచిది.

ఆధార్ అయితే సైజు తగ్గించే ముందు ఇంకో పని. అడిగిన చోట ఒప్పుకుంటే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది, నంబరులో ఆఖరి 4 అంకెలు మాత్రమే కనపడతాయి.

పీడీఎఫ్ అడిగితే స్క్వూష్ చేయదు. ముందు ఫోటోను పైన చెప్పినట్టు తగ్గించుకుని, ఆండ్రాయిడ్ గ్యాలరీలో ఆ ఫోటో తెరిచి ప్రింట్ నొక్కండి. ప్రింటర్ల జాబితాలో సేవ్ యాజ్ పీడీఎఫ్ ఉంటుంది. కంప్యూటర్లో క్రోమ్‌లో ఫోటో తెరిచినా అంతే. ఇదీ మీ దగ్గరే జరుగుతుంది.

ఫోటోలో కనపడని సమాచారం

లొకేషన్ ఆన్‌లో ఉంచి తీసిన ఫోటోలో మీరు నిలబడ్డ చోటి అక్షాంశ రేఖాంశాలు, తీసిన టైము, ఫోను మోడల్ కూడా దాగి ఉంటాయి. ఆడపిల్లలు ఇంట్లో తీసుకున్న ఫోటో అలాగే ఎవరికో పంపితే ఇంటి అడ్రసు కూడా పంపినట్టే. స్క్వూష్‌లో తగ్గించిన ఫైలులో ఇవేవీ మిగలవు. సైజు సమస్య లేకపోయినా బయటికి పంపే ముందు ఒకసారి స్క్వూష్‌లో వేసి తీయడం మంచి అలవాటు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినా ఈ సమాచారం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం అలాగే వెళ్తుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది, అది గట్టిగా చెప్పాలి. పంట నష్టానికో, ఇల్లు కట్టుకుంటున్న దశ చూపించడానికో లొకేషన్‌తో సహా ఫోటో కావాలని అడిగినప్పుడు దాన్ని ఇలా తగ్గించకండి. తుఫానుకి పడిపోయిన జీడితోట ఫోటోలో ఆ చోటు తాలూకు వివరం పోతే, ఆ ఫోటో మీ తోటదే అనడానికి ఒక ఆధారం పోయినట్టే. అలాంటప్పుడు అసలు ఫైలు ఎక్కడా ముట్టుకోకుండా దాచి, కాపీ మీదే ఏం చేసినా చేయండి.

అలాగే ప్రతి ఫోటోకీ ఇంత జాగ్రత్త అక్కర్లేదు. పలాస జీడిపప్పు గ్రేడు చూపించడానికి తీసిన ఫోటో, పొందూరు ఖద్దరు చీర అంచు ఫోటో, బొబ్బిలి వీణ ఫోటో అమ్మకానికి నలుగురికీ చూపించేవే. వాటికి వెబ్‌పీ పెట్టుకున్నా ఫర్వాలేదు, చక్కగా తగ్గుతాయి. పప్పు రంగు, నేత పోగు కనపడాలి కాబట్టి క్వాలిటీ మాత్రం బాగా ఉంచండి.

నెట్ సెంటర్లోనే చేయాల్సి వస్తే

అందరి దగ్గరా మంచి ఫోను ఉండదు, కొన్ని ఫారాలు ఫోన్లో సరిగ్గా తెరుచుకోవు కూడా. అలాంటప్పుడు తగ్గించే పని ఇంటి దగ్గర ఫోన్లోనే పూర్తిచేసుకుని, రెడీ అయిన చిన్న ఫైళ్లు మాత్రమే పట్టుకెళ్లండి. షాపు వాట్సాప్ నంబరుకి ఆధార్ పంపడం కన్నా డేటా కేబుల్‌తోనో పెన్‌డ్రైవ్‌తోనో ఎక్కించడం మేలు. వాట్సాప్‌లో పంపితే అది ఆ ఫోన్లో, ఆ కంప్యూటర్లో, బ్యాకప్‌లో కూడా ఉండిపోతుంది.

బ్రౌజర్లో తగ్గించినా సరే, అది ఎవరి కంప్యూటర్ అన్నదే ముఖ్యం. మీ ఫోటో ఇంటర్నెట్‌కి పోకపోయినా ఆ షాపు హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. పని అయ్యాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి మీ ఫైళ్లు సెలెక్ట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. డెస్క్‌టాప్ మీద కూడా చూడండి, స్కాన్ చేసినవి ఎక్కువగా అక్కడే సేవ్ అవుతాయి. మీ మెయిల్, మీ వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే లాగవుట్ చేయండి. "అన్నా, ఒక్క నిమిషం, నా ఫైళ్లు తీసేస్తాను" అంటే కాదనే షాపువాళ్లు తక్కువ. వెనక లైన్లో ఎంతమంది ఉన్నా మొహమాటపడొద్దు.

సబ్‌మిట్ కొట్టే ముందు ప్రివ్యూలో ఫోటో చోట ఫోటో, సంతకం చోట సంతకం పడ్డాయో లేదో చూడండి. అటుదిటు అయ్యాయంటే దరఖాస్తు తిరస్కరించే ప్రమాదం ఉంది. తగ్గించిన రెండు ఫైళ్లకీ పరీక్ష పేరు, కొలత కలిపి పేరు పెట్టి ఫోన్లో ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి. అదే కొలతలు అడిగే ఫారం మళ్లీ వచ్చినప్పుడు, ఫోటో పాతదై తోసేయకపోతే, అవే పెట్టుకోవచ్చు.